సిమ్లాలో ‘300 మీటర్లు’ అంటే ఎంత దూరం?

ఫోన్ రివ్యూ అంటే కెమెరా జూమ్ మీద నాలుగు పేరాలు ఉంటాయి. ఛార్జింగ్ ఎన్ని నిమిషాల్లో ఫుల్ అయిందో స్టాప్‌వాచ్ పెట్టి మరీ కొలుస్తారు. సెన్సార్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం స్పెక్ షీట్‌లో ఉన్న లైన్‌ని అలాగే దింపేస్తారు. ఆ లైన్‌లో ‘బారోమీటర్’ అనే మాట ఉందా లేదా అని అడిగేవాళ్ళు లేరు. 20 వేల లోపు ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. ఉండాలి అంటాను నేను. ఎందుకో సిమ్లా చెబుతుంది. మొన్న అమ్మానాన్నలతో అక్కడ నాలుగు రోజులు ఉన్నాను. బారోమీటర్ ఉన్న ఫోన్ ఒకటి, లేనిది ఒకటి జేబులో వేసుకుని తిరిగాను.

ముందు ఊరి సంగతి. సిమ్లా కొండ వాలు మీద అంతస్తులుగా పేర్చినట్టు ఉంటుంది. అన్నిటికంటే కింద కార్ట్ రోడ్. బస్సులు, టాక్సీలు, ట్రాఫిక్ జామ్ అన్నీ అక్కడే. దాని మీద లోయర్ బజార్, ఆ పైన మిడిల్ బజార్, ఇంకా పైన మాల్ రోడ్. మాల్ దాటి కొంచెం ఎక్కితే రిడ్జ్ మైదానం. మాల్ మీదికి టూరిస్టుల బండ్లు రానివ్వరు. టాక్సీవాడు కార్ట్ రోడ్‌లో దింపేసి ‘ఊపర్ జానా హై’ అని చెయ్యి చూపిస్తాడు. ఆ తర్వాత మన కాళ్ళే దిక్కు. లేదంటే హిమాచల్ టూరిజం వాళ్ళ లిఫ్ట్ ఉంది. టికెట్ కొనుక్కుని ఒక లిఫ్ట్ ఎక్కి, మధ్యలో నడవా దాటి, ఇంకో లిఫ్ట్ ఎక్కితే మాల్ మీద తేలతాం. సీజన్‌లో క్యూ ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. కాల్కా నుంచి 96 కిలోమీటర్లు పాక్కుంటూ వచ్చే టాయ్ ట్రైన్ ఆగే సిమ్లా స్టేషన్ సుమారు 2,075 మీటర్ల ఎత్తులో ఉంది. రిడ్జ్ 2,200 మీటర్లు దాటి ఉంటుంది. అంటే రైలు దిగిన మనిషి రిడ్జ్‌కి చేరాలంటే నలభై అంతస్తుల బిల్డింగ్ ఎక్కినంత పని. మ్యాప్‌లో మాత్రం అదొక నీలం చుక్కల గీత, పక్కన ఇన్ని మీటర్లు అనే అంకె.

తిరుమలకి నడిచి వెళ్ళినవాళ్ళకి ఈ తేడా వివరించక్కర్లేదు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి 2 కిలోమీటర్ల చిల్లరే, కానీ 2,388 మెట్లు. కిలోమీటర్లు మాత్రమే చూసి ‘రెండే కదా’ అని రెండో దారి పట్టినవాడికి సగంలో తెలుస్తుంది కథ. దూరానికి ఎత్తు కలపకపోతే ఆ అంకెకి అర్థం లేదు. కొండ ఊళ్ళో మనం హోటళ్ళు వెతికేది మాత్రం ఆ అర్థం లేని అంకెతోనే.

‘రెస్టారెంట్స్ నియర్ మీ’ అని కొట్టండి. 4.4 రేటింగ్, 300 మీటర్లు. 4.2 రేటింగ్, 350 మీటర్లు. మొదటిది మీరున్న రోడ్డుకి రెండు బజార్ల కింద ఉండొచ్చు, రెండోది అదే రోడ్డు మీద తిన్నగా ఉండొచ్చు. లిస్ట్ చూస్తే ఆ సంగతి తెలియదు. హైదరాబాద్‌లో జీపీఎస్ 10 మీటర్లు తప్పితే రోడ్డుకి అవతలి పక్క చూపిస్తుంది, మనమే సర్దుకుంటాం. మిడిల్ బజార్‌లో అదే 10 మీటర్ల తప్పు మిమ్మల్ని పై వీధిలోనో కింది వీధిలోనో పడేస్తుంది. ‘మీరు చేరుకున్నారు’ అంటుంది ఫోన్. చూస్తే రెస్టారెంట్ రేకుల కప్పు మన కాళ్ళ కింద ఉంటుంది. దానికి దారి ఇంకెక్కడో మొదలయ్యే మెట్లు.

జీపీఎస్‌ని తిట్టి లాభం లేదు, దాని స్వభావమే అంత. ఉపగ్రహాలన్నీ మన తల మీద ఆకాశంలోనే ఉంటాయి, కాళ్ళ కింద ఒక్కటీ ఉండదు. అందుకే జీపీఎస్ అడ్డంగా చెప్పినంత కచ్చితంగా ఎత్తు చెప్పలేదు. పైగా ఒక పక్క కొండ, ఇంకో పక్క నాలుగంతస్తుల దుకాణాలు. సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది. ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ పట్టే ఫోన్ అయితే ఈ బాధ కొంత తగ్గుతుంది, ఇప్పుడు మిడ్‌రేంజ్‌లో కూడా అవి దొరుకుతున్నాయి. ఎత్తు విషయంలో మాత్రం అసలు మందు బారోమీటరే.

ఇది గాలి ఒత్తిడి కొలిచే చిన్న చిప్. పైకి ఎక్కేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. సిమ్లా ఎత్తులో సుమారు పది మీటర్లకి ఒక హెక్టోపాస్కల్ చొప్పున. ఫోన్లలో వచ్చే సెన్సార్ అందులో పదో వంతు మార్పుని కూడా పట్టగలదు. అంటే మీరు ఒక అంతస్తు ఎక్కినా దానికి తెలుస్తుంది. ఫైఫాక్స్ అని జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఉచిత యాప్ ఉంది, అందులో ఎలివేటర్ అనే ప్రయోగం ఉంది. సిమ్లా లిఫ్ట్‌లో అది ఆన్ చేశాను. ఎత్తు గీత లేచింది, నడవాలో నడుస్తున్నంతసేపూ అడ్డంగా సాగింది, రెండో లిఫ్ట్‌లో మళ్ళీ లేచింది. రెండో ఫోన్‌లో ఆ ప్రయోగంలో ఎత్తు గ్రాఫే రాదు, ఎందుకంటే సెన్సారే లేదు.

లోపం కూడా చెప్పాలి. వాతావరణం మారినా ఒత్తిడి మారుతుంది. పొద్దున కొలిచిన ఎత్తుకీ, సాయంత్రం మబ్బు పట్టాక కొలిచినదానికీ నిలబడ్డచోటే పదుల మీటర్ల తేడా రావచ్చు. అందుకే ‘సముద్రమట్టానికి ఎంత ఎత్తు’ అని దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఇప్పుడే ఎక్కిందెంత, దిగిందెంత అనేదానికి మాత్రం సరిపోతుంది. మనకి కావలసింది కూడా అదే.

ఇదేమీ కొత్త టెక్నాలజీ కాదు. 2011లో వచ్చిన గెలాక్సీ నెక్సస్‌లో బారోమీటర్ ఉంది. ఐఫోన్‌లోకి 2014లో, ఐఫోన్ 6తో వచ్చింది. అమెరికాలో ఎమర్జెన్సీ కాల్ చేసినవాళ్ళు ఏ అంతస్తులో ఉన్నారో తెలియాలని అక్కడి ఎఫ్‌సీసీ 2019లో నిలువు కొలతకి 3 మీటర్ల ప్రమాణం పెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన దగ్గర మిడ్‌రేంజ్ కొనేవాడికి ఇది దక్కట్లేదు. దాని బదులు ఏం ఇస్తున్నారు? 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా. కొన్న వారంలో ఒకసారి పువ్వు ఫోటో తీసి మర్చిపోయేది. వెనక వృత్తాలు మూడు కనిపించాలి కాబట్టి అది ఉంటుంది, బయటికి కనపడదు కాబట్టి బారోమీటర్ ఉండదు.

‘ఏడాదికోసారి కొండకి పోయేదానికి ఇంత గోలా’ అంటారని తెలుసు. కొండ దాకా ఎందుకు, హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ ఎక్కామో, దాని కింద ఉన్నామో తెలియక నావిగేషన్ ఎన్నిసార్లు తికమకపడుతుందో మీకు తెలియదా? ఎత్తు తేడా తెలిస్తే తీరగలిగే చిక్కే అది.

అయినా నాకు ఈ విషయం పట్టింది ఫ్లైఓవర్ వల్ల కాదు, అమ్మ మోకాళ్ళ వల్ల. మన వయసులో 300 మీటర్లు తప్పు చూపిస్తే తిట్టుకుని నడిచేస్తాం, ఇన్‌స్టా స్టోరీ కూడా పెడతాం. మోకాలి నొప్పి ఉన్న మనిషికి అది ఆ పూట తిరగడం ఆగిపోవడమే. సిమ్లాలో రెండోరోజు అమ్మ ఒక మాట అంది: “ఎక్కడం పర్లేదురా నాన్నా, ఆయాసమొస్తే కూర్చుంటాను. దిగేటప్పుడే ప్రాణం పోతోంది.” నిజమే, మెట్లు దిగేటప్పుడే మోకాలి మీద బరువు ఎక్కువ పడుతుంది. కాబట్టి ఎక్కుడు ఉంటే టైమ్ కొంచెం పెంచి చూపిస్తే యాప్ పని అయిపోయినట్టు కాదు. మెట్లు ఎన్ని, ఎక్కేవా దిగేవా, మెట్లు లేని చుట్టుదారి ఉందా అన్నది చెప్పాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మెట్ల దారిని వేరుగా గుర్తించడానికి, మెట్ల సంఖ్య రాయడానికి కూడా ట్యాగులు ఉన్నాయి. డేటా పెట్టే చోటు ఉంది, అడిగేవాళ్ళు కావాలి.

అప్పటిదాకా ఏం చెయ్యాలి? నేను చేసింది చెబుతాను. ఆర్గానిక్ మ్యాప్స్‌లో హిమాచల్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాను. నెట్ లేకపోయినా నడక దారి ఇస్తుంది, దాని కింద ఎత్తుపల్లాల గ్రాఫ్ కూడా వస్తుంది. ఆస్మాండ్ కూడా ఇలాంటిదే, కాకపోతే సెట్టింగ్స్ అడవిలా ఉంటాయి. అందరూ వాడే ఒక మ్యాప్ యాప్ ఆఫ్‌లైన్‌లో కారు దారులే ఇచ్చింది. కార్లు రాని మాల్ రోడ్ మీద దాన్నేం చేసుకుంటాం?

తిండికి రేటింగ్ కంటే ముందు అంతస్తు చూసుకున్నాం. మాల్ మీద ఉన్న పూట మాల్ మీదే. ఇండియన్ కాఫీ హౌస్ అక్కడే ఉంది. తలపాగా పెట్టుకున్న బేరర్లు, పాతకాలం సోఫాలు, మెనూలో దోశ. నాన్నకి దోశ కనిపిస్తే చాలు, అది మన దోశలా ఉందా లేదా అన్న చర్చ ఇంటికొచ్చాక కూడా నడుస్తోంది. రిడ్జ్ మీద ఉన్నప్పుడు లక్కర్ బజార్ వైపు పోయాం. లోయర్ బజార్‌కి మాత్రం కార్ట్ రోడ్‌కి ఎలాగూ దిగాల్సిన రోజే, దారిలో ఆగుతూ.

సిడ్డూ మాత్రం వదలకండి. పులియబెట్టిన గోధుమపిండిలో మినప్పప్పు ముద్దో, అక్రోటు, గసగసాల ముద్దో కూరి ఆవిరి మీద ఉడికిస్తారు. మన కుడుముకి దూరపు చుట్టం అనుకోండి. మీద నెయ్యి ధారగా పోస్తారు. అప్పటికప్పుడు ఉడికించే చోట ఆలస్యమవుతుంది, ఆ కాసేపు కాళ్ళకి విశ్రాంతి. పెళ్ళిళ్ళలో వరసగా కూర్చోబెట్టి ఆకుల్లో వడ్డించే ధామ్ అనే భోజనం అచ్చం మన బంతి భోజనమే. అందులో పెరుగుతో వండే శనగల మద్రా కొన్ని హోటళ్ళలో దొరుకుతుంది. చలి ఊరు, వేడివేడిగా తినండి.

దారి అడిగేటప్పుడు ‘ఎంత దూరం’ అని అడగకండి. అక్కడివాళ్ళకి అన్నీ ‘బస్, పాంచ్ మినట్’లే. ‘ఊపర్ యా నీచే? సీఢీ హై?’ అని అడగండి. సామాను మోసే కూలీలు ఇచ్చినంత కచ్చితమైన జవాబు నాకు ఏ యాప్ దగ్గరా దొరకలేదు. ఎన్ని మలుపులో, ఎక్కడ మెట్లు విరిగాయో కూడా చెప్పారు.

మీ ఫోన్‌లో బారోమీటర్ ఉందో లేదో చూడాలంటే ఫైఫాక్స్ తెరిచి ‘ప్రెషర్’ నొక్కండి. లేకపోతే అదే చెబుతుంది. నేను రాసే రివ్యూల్లో ఇకమీదట దీనికి ఒక లైన్ ఉంటుంది, లేని ఫోన్‌కి మార్కులు తగ్గుతాయి. కొండమీద పరీక్ష చేయాలనుకునేవాళ్ళకి జాఖూ గుడి మంచి చోటు. 2,455 మీటర్లు, రిడ్జ్ నుంచి దాదాపు 250 మీటర్ల నిలువు. పెద్దవాళ్ళకి రోప్‌వే ఉంది. కాకపోతే రీడింగ్ గుడి ఆవరణలోకి వెళ్ళకముందే తీసుకుని ఫోన్‌ని జిప్ ఉన్న జేబులో పెట్టేయండి. అక్కడి కోతులు కళ్ళజోళ్ళు, ఫోన్లు లాక్కుంటాయి. ప్రసాదం చేతిలో పెడితేనే తిరిగిస్తాయి, అదీ వాటి మూడ్‌ని బట్టి.