పగలే అడగవలసిన మాట

కొన్నేళ్ళ క్రితం ఓ శనివారం పొద్దున్నే, కాలేజీలో నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోను చేసింది. అమెరికాలో ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు పిల్లలు, అన్నీ సవ్యంగా ఉన్నాయని అందరూ అనుకునే మనిషి. "పెరూ వెళ్తున్నానే. అక్కడి అడవిలో ఏదో తీగ కషాయం ఇస్తారట. ఈ అప్లికేషను ఒకసారి చూసిపెట్టు" అంది. చిన్నతనంలో, వాళ్ళింటికి చనువుగా వచ్చిపోయే ఒక పెద్దమనిషి వల్ల ఆమెకు జరిగినదేమిటో నాకూ, ఆమె డాక్టరుకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి మందులు, కౌన్సెలింగులు అయ్యాక చివరికి ఈ తీగ మీద ఆశ పెట్టుకుంది. ఆ ఆశను వెక్కిరించే హక్కు నాకు లేదనిపించి, కాగితాలు చదివాను.

ఆమె అనుమతితోనే, ఊరూ పేరూ తీసేసి ఇది రాస్తున్నాను.

ఆ కషాయం పేరు అయవాస్కా. కెచువా భాషలో 'ఆత్మల తీగ' అనో, 'మృతుల తాడు' అనో అర్థం చెబుతారు. ఒక అడవి తీగనూ, చక్రూనా అనే మొక్క ఆకులనూ కలిపి గంటల తరబడి మరగబెడతారు. మనసును కదిలించే డి.ఎం.టి. అనే పదార్థం ఉండేది ఆకులో. కానీ ఆకు ఒక్కటే తాగితే మన శరీరంలోని ఒక ఎంజైము దాన్ని ముందే విరిచేస్తుంది. తీగలోని హార్మీన్ వంటి పదార్థాలు ఆ ఎంజైమును అడ్డుకుంటాయి, అప్పుడు ఆకు పని మొదలవుతుంది. ఇంత అడవిలో ఈ రెంటినే జత చేయాలని ఎవరికి తట్టిందో! అమెజాన్ ఆదివాసుల ఈ జ్ఞానాన్ని పెరూ ప్రభుత్వం 2008లో జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది.

అప్లికేషను నిజానికి బాగానే ఉంది. రక్తపోటు, గుండెజబ్బు, వేసుకుంటున్న మందులు, కుటుంబంలో ఎవరికైనా ఉన్మాదం వచ్చిందా అన్న సంగతి, అన్నీ అడిగారు. అడగవలసినవే. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతో ఈ తీగ కలిస్తే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదికి రావచ్చు. అలాగని ఆ మందులను డాక్టరుతో చెప్పకుండా ఉన్నపళంగా మానేయడమూ ప్రమాదమే. ఇవన్నీ చూసి "జాగ్రత్తపరులే, వెళ్ళు" అన్నాను. ఆ కాగితాల్లో లేని ప్రశ్న ఒకటుందని నాకూ తట్టలేదు.

రెండో రాత్రి జరిగిందిది. గుండ్రటి పెద్ద పాకలో, కటిక చీకట్లో, పరుపుల మీద పదిహేనుమంది. వైద్యుడు 'ఇకారో' అనే పాటలు పాడుతున్నాడు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. సహాయకులలో ఒకతను వచ్చి పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర మెల్లగా "భయపడకు, నన్ను నమ్ము, వదిలెయ్యి, లొంగిపో" అన్నాడట. అతని మనసులో ఏ దురుద్దేశమూ లేదని ఆమె ఈనాటికీ చెబుతుంది. కానీ చీకటి, మగచెయ్యి, చెవిలో గుసగుస, 'నన్ను నమ్ము' అన్న మాట... ఈ నాలుగూ కలిస్తే ఆమెకు ఏమవుతుందో అతనికి తెలియదు. ఆమె నోరు పెగల్లేదు. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. తిరిగి వచ్చాక కొన్ని నెలలపాటు దీపం ఆర్పకుండా పడుకునేది.

మానసిక గాయం గురించి కాస్త చదివినవారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించదు. జుడిత్ హెర్మన్ 1992లోనే తన పుస్తకంలో కోలుకోవడానికి మూడు దశలు చెప్పింది. ముందు భద్రత, తర్వాత గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్ళీ నలుగురిలో కలవడం. అయవాస్కా రాత్రి మనిషిని సరాసరి రెండో దశలోకి నెట్టగలదు. మొదటి దశను ఏ కషాయమూ ఇవ్వలేదు. అది మనుషులు కట్టవలసినది.

'లొంగిపో' అన్న మాట ఇలాంటి విడుదులలో మంత్రంలాగా వినిపిస్తుంది. మనకూ ఇంపుగానే ఉంటుంది, శరణాగతి అన్నది మనకు చిన్నప్పటినుంచీ తెలిసిన మాట గనక. కానీ శరణాగతి చేయాలంటే కాదనగల శక్తి ముందు ఉండాలి. ఆ శక్తినే చిన్ననాడు ఎవరో లాగేసుకున్న మనిషితో 'లొంగిపో' అంటే, ఆనాటి మాటే మళ్ళీ అన్నట్టవుతుంది. ఆమెకు కావలసిన మందు 'వద్దు' అని నోరారా అనగలగడం, అంటే ఎదుటివాడు ఆగిపోవడం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వేల మైళ్ళ అవతల షిపీబో ప్రజలు తరతరాలుగా చేసుకుంటున్న వైద్యానికి అమెరికా ఆసుపత్రుల నియమాలు తగిలించడం అహంకారం కాదా అని. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ సంప్రదాయంలో కట్టుబాట్లు లేవనుకోవడమే పెద్ద అహంకారం. అక్కడ కఠినమైన పథ్యం ఉంది. ఉప్పు, తీపి, మద్యం, దాంపత్యం విడిచి వైద్యుడు ఏళ్ళపాటు సాధన చేస్తాడు. పూర్వం చాలాచోట్ల కషాయం తాగేది వైద్యుడే, రోగి తాగడం తప్పనిసరి కాదు. అన్నిటికీ మించి, వైద్యుడూ రోగీ ఒక్క ఊరివాళ్ళు. రాత్రి పొరపాటు జరిగితే తెల్లారి అతని గుమ్మం ముందు నిలబడి అడగడానికి అత్తలూ మేనమామలూ ఉంటారు. విదేశీయుల కోసం వెలసిన విడిదిలో ఆ ఊరు లేదు. వారం రోజులకు వచ్చిన పదిహేనుమంది ఒకరికొకరు పరాయివాళ్ళు, ఎనిమిదో రోజు విమానం ఎక్కిపోతారు. అంటే నియమాలు కోరడం సంప్రదాయానికి కొత్త బరువు తగిలించడం కాదు. అక్కడ లేని ఊరికి బదులు మరొకటి కట్టమనడం.

ఆ నేలకూ గాయాలున్నాయి. 1980 నుంచి 2000 వరకు పెరూలో సాగిన అంతర్యుద్ధం దాదాపు 69 వేలమందిని బలి తీసుకుందని సత్యశోధన సంఘం 2003లో అంచనా వేసింది. షిపీబోల పొరుగువారైన అషానింకా ప్రజలలో వేలమంది ఆ మంటల్లో పోయారు. 2018 ఏప్రిల్‌లో ఒలీవియా అరేవాలో అనే వృద్ధ షిపీబో వైద్యురాలిని ఆమె ఊళ్ళోనే కాల్చి చంపారు. చంపాడని అనుమానించిన విదేశీయుణ్ణి జనం అక్కడే కొట్టి చంపారు. మన గాయాలు మోసుకుని వెళ్ళేవాళ్ళం, వైద్యం చేసేవారికీ గాయాలుంటాయని గుర్తుంచుకోవాలి. వారి వేతనం, వారి విశ్రాంతి కూడా ఈ సంరక్షణలో భాగమే.

ఇక 'డిగ్రీలున్న డాక్టర్ల దగ్గరైతే ఈ బాధ ఉండదు' అనేవారికి ఒక మాట. ఎం.డి.ఎం.ఎ. మొక్క కాదు, ప్రయోగశాలలో పుట్టినది. కెనడాలో దానితో మానసిక గాయానికి జరిపిన చికిత్సా పరీక్షలో, 2015లో, ఇద్దరు చికిత్సకులు ఒక రోగి పట్ల అనుచితంగా ప్రవర్తించారు. వీడియో కెమెరాలు నడుస్తూనే ఉన్నాయి. ఆ కేంద్రంలో జరిగిన అనైతిక ప్రవర్తన కారణంగా 2024 ఆగస్టులో ఒక వైద్య పత్రిక మూడు పరిశోధన వ్యాసాలను ఉపసంహరించుకుంది. అడవైనా ఆసుపత్రైనా, కదలలేని స్థితిలో ఒకరూ, వారిపై అధికారంతో మరొకరూ ఉన్నప్పుడు మంచితనం ఒక్కటే కాపలా కాయలేదు.

మరి ఏం చేయాలి? పెద్ద శాస్త్రమేమీ అక్కర్లేదు. ఒరెగాన్ రాష్ట్రం 2020లో ఓటు ద్వారా పుట్టగొడుగుల చికిత్సకు చట్టం చేసింది. అక్కడ సహాయకులు తాకాలంటే ముందే రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. ఆ తాకడమూ ఆలింగనం, లేదా చేతులూ పాదాలూ భుజాల మీద చెయ్యి వేయడం వరకే. ఇందులో నాకు నచ్చినది ఆ 'ముందే' అన్న మాట. మైకంలో ఉన్న మనిషిని అడిగి తెచ్చుకున్న 'సరే' అసలు సరే కాదు. కాబట్టి పగలే అడగాలి. తాకవచ్చా, ఎక్కడ, ఎవరు? ఆడమనిషి దగ్గరుండాలా? మాట రాకపోతే చేత్తో ఏ సైగ చేస్తావు? ఏ మాటలు నీ చెవిన పడకూడదు? రాత్రి ఆ అనుమతిని తగ్గించుకోవచ్చు గానీ పెంచకూడదు. కషాయం తాగని మనిషి ఒకరు తెల్లవార్లూ కాపలా ఉండాలి. రెండో రాత్రి తాగనంటే 'భయపడ్డావు' అని చిన్నబుచ్చకూడదు. ఇంటికి చేరాక వారాల తరబడి ఫోను ఎత్తే మనిషి ఉండాలి. తప్పు జరిగితే నిర్వాహకులకు కాక బయటివారికి చెప్పుకునే దారి కూడా.

మనదేశంలో డి.ఎం.టి. మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం. వెళ్ళమనీ, వెళ్ళవద్దనీ చెప్పడానికి ఇది రాయలేదు. అయినా మనవాళ్ళు వెళ్తున్నారు. వెళ్ళేవారు కషాయం ఎంత గొప్పదని అడుగుతున్నారు. పథ్యం తెలిసిన జాతి మనది. మందుతోపాటు అది ఇచ్చే చెయ్యీ, వేళా, పద్ధతీ కూడా వైద్యమేనని మనకు వేరే చెప్పాలా?

రాసినదంతా మొన్న ఫోనులో ఆమెకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఆ తీగ మీద నాకు కోపం లేదే. మొదటి రాత్రి నిజంగా ఏదో తేలికపడింది. ముందురోజు ఒక్కరైనా అడిగి ఉంటే, తాకవద్దని చెప్పేదాన్ని కదా. అంతే."

నేనూ అడగలేదు. ఇప్పుడు ఎవరైనా అలాంటి కాగితాలు చూసిపెట్టమంటే, ముందు ఆ ప్రశ్న కోసమే వెతుకుతాను.