అప్పుకి ఎక్స్‌పైరీ డేట్ ఉండాలా?

రుణమాఫీ అన్న మాట వినబడితే చాలు, హాస్టల్లో చర్చ ఎటు పోతుందో మనందరికీ తెలుసు. "ఒకసారి మాఫీ చేస్తే ఇంకెవడు కడతాడ్రా?" అని ఒకడు, "పెద్ద కంపెనీలకి చేయట్లేదా?" అని ఇంకొకడు. దేశాల అప్పుల విషయంలోనూ పాతికేళ్ల కిందట ఇదే వాదన నడిచింది. అప్పుడు "పేద దేశాల అప్పులు కొట్టేయండి" అని రోడ్డు మీదకి వచ్చినవాళ్లలో చాలామంది ఆదివారం చర్చికి వెళ్లే మామూలు మనుషులు. వాళ్లు అడిగింది న్యాయమే అని నా అభిప్రాయం. కానీ వాళ్లు వాడిన ఒక మాట మీద నాకు పేచీ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ అప్పులు ఎక్కడివో చూడాలి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి, ఆ డబ్బంతా పాశ్చాత్య బ్యాంకుల్లో పోగుపడింది. బ్యాంకులూ, ప్రభుత్వాలూ పేద దేశాలని పిలిచి మరీ అప్పులిచ్చాయి. జైర్‌ని దోచుకున్న మొబుటుకి కూడా ఇచ్చారు, ఎలాంటివాడో తెలిసే ఇచ్చారు. 1979 నుంచి అమెరికా తన ద్రవ్యోల్బణాన్ని అదుపు చేసుకోవడానికి వడ్డీ రేట్లు విపరీతంగా పెంచింది. ఆ తర్వాత రాగి లాంటి సరుకుల ధరలు పడిపోయాయి. రాగి మీదే బతికే జాంబియా ఏం చేస్తుంది? సంతకం పెట్టినవాడు ఒకడు, కట్టేది అప్పటికి పుట్టని పిల్లలు.

జూబ్లీ 2000 అనే ఉద్యమం బ్రిటన్‌లో మొదలైంది. కీల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మార్టిన్ డెంట్, రిటైరైన దౌత్యవేత్త బిల్ పీటర్స్ దాని వెనక ఉన్నారు. ఐడియా లేవీయకాండం 25వ అధ్యాయంలోది. ప్రతి యాభయ్యో ఏట కొమ్ముబూర ఊదాలి, అమ్ముకున్న పొలం పాత యజమానికి తిరిగి రావాలి, అప్పుల పాలై బానిసైనవాడు ఇంటికి వెళ్లిపోవాలి. తెలుగు బైబిల్లో దీన్ని 'సునాదం' అన్నారు. ఎంత బాగుంది ఆ మాట! ద్వితీయోపదేశకాండంలో అయితే ఏడేళ్లకోసారే అప్పులు వదిలేయమని ఉంది.

మన బ్రాంచి భాషలో చెప్పాలంటే ఇదొక క్రాన్ జాబ్. ఎవరి దయతోనూ పనిలేదు, టైమ్ వస్తే రన్ అవ్వాల్సిందే. పైగా రాసినవాళ్లు అమాయకులేం కాదు. సునాదానికి ఇంకా ఎన్నేళ్లు ఉన్నాయో లెక్కేసి దాని ప్రకారమే పొలం ధర కట్టాలని అక్కడే రాశారు. అంటే రద్దు అవుతుందన్న సంగతి మొదటి రోజే ధరలోకి వచ్చేస్తుంది, ఎవరూ మోసపోరు. ఏడో ఏడు దగ్గరపడిందని పేదవాడికి అప్పు ఎగ్గొట్టకు అనే హెచ్చరిక కూడా ఉంది. అయినా జనం ఎగ్గొట్టారు. చివరికి హిల్లెల్ అనే యూదు పండితుడు, బాకీని కోర్టుకి అప్పగిస్తే రద్దు కాకుండా ఉండే 'ప్రొస్బుల్' అనే ఏర్పాటు తెచ్చాడు. హాస్టల్లో మనం అడిగే "ఇంకెవడు ఇస్తాడు, ఇంకెవడు కడతాడు" అన్న ప్రశ్నకి రెండు వేల ఏళ్ల వయసుందన్నమాట.

1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో జీ8 సదస్సు జరుగుతుంటే దాదాపు 70 వేల మంది చేతులు పట్టుకుని మానవహారం కట్టారు. నాయకులు మాత్రం ఆ రోజు ఊరికి దూరంగా ఒక పాత బంగళాలో ఉన్నారు! పోప్ జాన్ పాల్ 1994లోనే ఈ అప్పుల గురించి రాశారు, డెస్మండ్ టుటు గొంతు కలిపారు. నాకు ఆశ్చర్యం వేసింది స్పెన్సర్ బాకస్ విషయంలో. అలబామాకి చెందిన రిపబ్లికన్, బాప్టిస్టు, పక్కా సంప్రదాయవాది. అమెరికన్ కాంగ్రెస్‌లో ఆయన దీనికోసం పోరాడాడు. అప్పుల లెక్కలు చెప్పి అలాంటి మనిషిని కదిలించడం కష్టం, లేవీయకాండం చెబితే కదిలాడు. మతాన్ని ఆర్థిక విషయాల్లోకి తేకూడదు అనే ఫ్రెండ్స్‌కి నేను చూపించే ఉదాహరణ ఇదే.

ఫలితం? 1999 కొలోన్ సదస్సులోనూ, 2005 గ్లెనీగల్స్‌లోనూ హామీలొచ్చాయి. ఇప్పటిదాకా 37 దేశాలకి కలిపి 100 బిలియన్ డాలర్లకి పైగా భారం తగ్గింది. టాంజానియా ప్రైమరీ స్కూల్ ఫీజులు తీసేసింది. జాంబియా 2006లో పల్లె ఆస్పత్రుల్లో ఫీజులు ఎత్తేసింది. ఐఎంఎఫ్ షరతులు మాత్రం ఊరికే పోలేదు, అది వేరే వ్యాసమంత కథ.

అదే జాంబియా 2020లో మళ్లీ చేతులెత్తేసింది. "చూశావా, చెప్పానా" అంటారు మనవాళ్లు. నాకు కనిపించేది వేరు. క్రాన్ జాబ్‌ని ఒక్కసారి చేత్తో రన్ చేసి వదిలేశారు. లేవీయకాండంలో ఉన్నది మళ్లీ మళ్లీ వచ్చే సంవత్సరం, ఉద్యమం అడిగింది 2000 అనే ఒక్క సంవత్సరం.

ఇక నా పేచీ. ఇంగ్లీషులో దీన్ని 'డెట్ ఫర్‌గివ్‌నెస్' అంటారు, అంటే అప్పుల క్షమాపణ. తెలుగు బైబిల్లోని పరలోక ప్రార్థనలో కూడా క్షమించమని అడిగేది ఋణాలనే. మన 'మాఫీ'కి కూడా అసలు అర్థం క్షమాపణే. కానీ క్షమించాలంటే ఎవరో తప్పు చేసి ఉండాలి కదా? మొబుటు చేసిన అప్పుకి కాంగోలో బడికెళ్లే పిల్ల ఏం తప్పు చేసింది? 1999లో జోహన్నెస్‌బర్గ్‌లో ఏర్పడిన జూబ్లీ సౌత్ వాళ్ల వాదన ఇదే: ఆ అప్పు అసలు చెల్లదు, క్షమించడానికి మీరెవరు అని. నా ఓటు వాళ్లకే. 'రద్దు' అందాం, చాలు.

2025 జూబ్లీ సంవత్సరం కోసం పోప్ ఫ్రాన్సిస్ మళ్లీ ఇదే అడిగారు. కానీ ఇప్పుడు అప్పులిచ్చినవాళ్లు మారారు. చైనా ఉంది, ఊరూ పేరూ కనబడని బాండ్‌హోల్డర్లు ఉన్నారు. వాళ్ల చుట్టూ మానవహారం ఎక్కడ కట్టాలి? డోనెగల్ ఇంటర్నేషనల్ అనే ఫండ్, జాంబియా పాత బాకీని 1999లో సుమారు 33 లక్షల డాలర్లకి కొని, లండన్ కోర్టులో 5.5 కోట్ల డాలర్లకి దావా వేసింది. 2007లో కోర్టు 1.5 కోట్లకి పైగా ఇప్పించింది. ఆ కోపంతోనే 2010లో బ్రిటన్ ఇలాంటి వసూళ్లకి పరిమితి పెడుతూ చట్టం చేసింది, కానీ అది పాత అప్పులకే వర్తిస్తుంది. ఆఫ్రికా దేశాల బాండ్లు చాలావరకు ఇంగ్లీషు చట్టం కింద రాసుకున్నవే కాబట్టి, చర్చిలవాళ్లు ఈసారి అడగాల్సింది ఆ చట్టాన్ని కొత్త అప్పులకీ పొడిగించమని. పార్లమెంటు బర్మింగ్‌హామ్‌కి రెండు గంటల దూరంలోనే ఉంది.