కణముల టపా

పోయిన నెల మా పెద్దక్క మా యింటికి వచ్చి, కొంగులోంచి ఒక అచ్చుకాగితము తీసి మా చేతిలో పెట్టినది. "తమ్మీ, ఇది జర చదివి చెప్పు. సూది వేయించుకుంటే వేళ్ళ వాపు పోతదట" అన్నది. అక్క ముప్పయి యేండ్లుగా షోలాపురములో బీడీలు చుట్టి సంసారము నడిపిన మనిషి. ఈ మధ్య తెల్లవారి లేచేసరికి వేళ్ళు బిగుసుకొని పోతున్నవి. పొద్దెక్కేదాకా ఆకు కత్తిరించే కత్తెర చేత పట్టలేదు. కాగితము మీద "ఎక్సోజోము ఇంజెక్షను" అని వున్నది. ధర చూస్తే ఆమె యేడాది కూలి! మెడలోని గుండ్లు కుదువ పెట్టుటకు అప్పటికే మనసు చేసుకున్నది.

మేము డాక్టరులము కాము. మెట్రిక్‌తో చదువు చాలించి, ఆఫీసులో ఆవక-జావక రిజిస్టరు వ్రాసుకొనేవారము. అయినా అక్క అడిగినది గనుక, తెలిసినవారిని అడిగి, చదివి, గ్రహించినంత మేరకు పాఠకుల ముందు పెడుతున్నాము. ఇటువంటి కాగితములు మీ యిండ్లకు కూడా వచ్చి వుండవచ్చును.

మన శరీరములోని కణములు తమలోంచి చిన్నచిన్న సంచులను బయటికి వదులుతూ వుంటవి. వీటికి శాస్త్రజ్ఞులు ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అని పేరు పెట్టినారు. వీటిలో బాగా చిన్నవి ఎక్సోజోములు. అవి 30 మొదలు 150 నానోమీటర్ల దాకా వుంటవి. ఒక మిల్లిమీటరులో పది లక్షల నానోమీటర్లు! మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్నవి అన్నమాట.

మొదట వీటికి ఎవరూ పెద్ద మర్యాద యివ్వలేదు. 1967లో పీటర్ వుల్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు రక్తములో, ప్లేట్‌లెట్లనుంచి రాలిన పొడిని గమనించి "ప్లేట్‌లెట్ల దుమ్ము" అన్నాడు. 1983లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టన్‌గారి బృందము, లేత ఎర్రకణములు తమకు అక్కరతీరిన వస్తువులను ఈ సంచులలో పెట్టి పారవేయుట చూచినది. అందుచేత ఇది కణము ఇల్లు వూడ్చుకొనే పద్ధతి అనుకున్నారు.

1996లో కథ మారినది. గ్రాసా రాపోసో మొదలైనవారు, తెల్లకణములలో ఒక జాతివి వదిలే సంచుల మీద శత్రువు ఆనవాళ్ళు వున్నవనీ, వాటిని చూచి వేరే రక్షక కణములు మేలుకుంటున్నవనీ చూపినారు. 2007లో స్వీడన్‌లో, ఈ సంచులలోని ఆర్.ఎన్.ఏ. మరొక కణములోకి చేరి అక్కడ పని చేయించగలదని తేల్చినారు. ఇన్నాళ్ళు చెత్త అనుకున్నది టపా అని బయటపడినది! చిత్తుకాగితాల బుట్టలో హుజూరు ఆర్డరు దొరికితే గుమాస్తా గుండె ఎలా వుంటుందో మాకు తెలుసును.

టపా మంచిదే. క్రిములు వచ్చినప్పుడు ఒక కణము వ్రాసిన హెచ్చరిక పది కణములకు అందవలెను. అప్పుడు వచ్చే వాపు మన మేలుకే. చిక్కు ఎక్కడంటే, శత్రువు లేకపోయినా ఆ హెచ్చరికలు ఆగకపోవుటలో. 2010లో అమెరికాలో ఎరిక్ బ్వాలార్ మొదలైనవారు, రుమటాయిడ్ అనే కీళ్ళవాతము గలవారి కీళ్ళనీటిలో ప్లేట్‌లెట్ల సంచులను కనుగొన్నారు. అవి కీలులోని కణములను రెచ్చగొట్టి వాపును ఎక్కువ చేస్తున్నవట. వుల్ఫ్ చూచిన దుమ్మే నలభై మూడేండ్ల తరువాత కీళ్ళలో కలహము పెంచేదిగా తేలినది. వయసుతో కీళ్ళు అరిగినవారి నీటిలో మాత్రము అవి కనబడలేదు. కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కావని దీనివల్ల కూడా తెలుస్తున్నది.

కలహము పెంచే సంచులే కాదు, అణచేవి కూడా వున్నవి. తల్లిపాలలో ఇటువంటి సంచులు వున్నవనీ, రక్షక కణముల ఆవేశమును అదుపు చేసే కణములను అవి పెంచగలవనీ 2007లోనే ప్రయోగశాలలో చూచినారు. అటువంటి వాటితో మందు చేయవచ్చునని పరిశోధకుల ఆశ. ఆశ న్యాయమైనదే. కాని ప్రయోగశాలకూ మన వీధి చివరి సూదికీ చాలా దూరము వున్నది. అమెరికాలో ఎక్సోజోముల సూదులు పొడిపించుకున్న కొందరికి ప్రమాదకరమైన లక్షణములు రాగా, 2019 డిసెంబరులో అక్కడి మందుల అధికారులు, తాము ఆమోదించిన ఎక్సోజోముల మందు ఒక్కటీ లేదని ప్రజలను హెచ్చరించినారు.

ఈ మాటలన్నీ అక్కకు మెల్లగా చెప్పినాము. "అయితే సంచులున్న మాట నిజమేనా?" అన్నది. నిజమే అన్నాము. "సూది మాట?" అది ఇంకా నిజము కాలేదు అన్నాము. కొంతసేపు వేళ్ళు చూచుకుంటూ కూర్చున్నది. మరునాడు మేము సెలవు పెట్టి సర్కారు దవాఖానాకు తోడుకొని పోయినాము. రక్తపరీక్ష చేసి, ఇది రుమటాయిడే అని చెప్పి మాత్రలు వ్రాసినారు. ముందే వచ్చి వుంటే వేళ్ళు ఇంత వంకర పోయేవి కావన్నారు. ఆ మాట అక్కకన్న మాకే ఎక్కువ తగిలినది. ఇన్నాళ్ళు "వయసు నొప్పులు" అని సరిపెట్టినది మేమే గదా!

పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ యింటి ఆడవారు పొద్దున వేళ్ళు ముడువలేక కూర్చుంటే, నూనె రాయుటతో సరిపుచ్చక వెంటనే డాక్టరుకు చూపండి. అచ్చుకాగితము చూచి నగలు తీయకండి. అక్క గుండ్లు ఇంకా మెడలోనే వున్నవి. కత్తెర మాత్రము ఇంకా సరిగా చేతికి రాలేదు.