మన గుంటలకి ప్రేమకథలు అక్కర్లేదా?

డొంకూరు వైపు బడి మధ్యలో మానేసి వేరావల్ బోట్లెక్కిన గుంటలు ఇంటికొకరుంటారు. "ఆళ్ళకి చదువు మీద ఆశ నేదు" అని పెద్దలు తేల్చేస్తారు. మేము ఒప్పుకోం. సెలవుకొచ్చిన ఒక కుర్రాడి చేతిలో కథల పుస్తకం పెట్టాం. రెండు పేజీలు కూడబలుక్కుని పక్కనెట్టేశాడు. "ఇందల ఎవుడూ మననాగ మాటాడ్డేటి?" అన్నాడు. వాడే సెల్లులో వచ్చే ముక్కల్ని గడగడా చదివేస్తాడు. లోపం ఎవరిది?

చిన్న పుస్తకమని తీసిపారెయ్యొద్దు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళని సారా మీదికి లేపింది లావుపాటి గ్రంథం కాదు. అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ. అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న తల్లులు అందులో తమ కొంపనే చూసుకున్నారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మరి పదిహేనేళ్ళ పిల్లకో పిల్లాడికో తన బతుకు కనిపించే కథేది? ఆ వయసులో మనసు పడుతుంది. కొందరికి కుర్రాడి మీద కుర్రాడికే, గుంట మీద గుంటకే పడుతుంది. "అది పట్నం రోగం" అంటారు. మన పేటల్లో లేరా? ఉన్నారు. వాళ్ళకి ఊరు పెట్టిన పేరు తిట్టు. కులం పేరునే తిట్టుగా పడ్డ మనకి ఆ నొప్పి ఇంకొకడు చెప్పాలా? అయినా మన సభల్లోనే "చేతకాకపోతే గాజులు తొడుక్కో" అని అరుస్తారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళు ఇద్దరూ మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా అది నేరం కాదంది. ఎనిమిది రోజులకే, 14న, మిర్యాలగూడలో పై కులం పిల్లని పెళ్ళాడిన దళితుడు ప్రణయ్‌ని నరికి చంపారు. అతని పెళ్ళిని ఏ చట్టమూ నేరమనలేదు. చట్టం ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోదని మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ప్రణయ్ కోసం రోడ్డెక్కిన మనం ఈ పిల్లల దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకోవడమేమిటి?

పుస్తకాలు అసలే లేవని అనం. ఎ. రేవతి గారి బతుకును పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. 2019కి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. చదవాల్సిన పుస్తకం. కానీ కూడబలుక్కునేవాడికి అది కొండెక్కడమే. ఇంగ్లండులో ఆలిస్ ఓస్మన్ 'హార్ట్‌స్టాపర్' అని ఒకే బళ్ళో చదివే ఇద్దరు కుర్రాళ్ళ ప్రేమని బొమ్మల్లో చెప్పారు. పేజీకి నాలుగు మాటలు. చదువంటే బెదిరేవాడూ చదివేస్తాడు. బళ్ళలో ఇలాంటివి ప్రోత్సహించకూడదని 1988 నుంచి 2003 దాకా చట్టం పెట్టుకున్న దేశమే అది.

దాన్నే తెలుగు చేసి పంచమనడం లేదు. ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు పేటవాడు, ఇంకొకడు ఊళ్ళోవాడు అయితే ఏమవుతుంది? జీడితోటలో కూచున్నోళ్ళని ముందుగా ఎవడు చూస్తాడు, దెబ్బలు ఎవడికి పడతాయి? ఆ కథ ఇంగ్లండులో దొరకదు. ముప్ఫై పేజీలు చాలు. పెద్దక్షరాలు, మన మాట. ఒక్క షరతు, చివర్లో వాళ్ళని చంపొద్దు. మన ప్రేమకథల్లో శవాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

రాయడం రానివాళ్ళు మా దగ్గరికొచ్చి చెప్పండి, మేము రాసుకుంటాం. పేరు వెయ్యం.