ఏ పనికి ఆ రంగు



టెర్మినల్ రంగులూ ఫాంట్లూ మార్చుకోవడం సోకుల వ్యవహారమని చాలామంది కొట్టిపారేస్తారు. అది పని భద్రతకూ, చదవడంలో సౌకర్యానికీ సంబంధించిన సంగతని గట్టిగా చెప్పడానికే ఈ సంచిక.

1978లో డెక్ సంస్థ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లో మామూలుగా వరసకు 80 అక్షరాలు, తెరకు 24 వరసలు. ఒకటే రంగు. ఇవాళ గ్నోమ్ టెర్మినల్, ఐటెర్మ్2 వంటి టెర్మినల్ ప్రోగ్రాములు ‘ప్రొఫైల్’ పేరుతో ఎన్ని రూపాలైనా దాచుకోనిస్తాయి. అయినా మనలో చాలామందిమి మొదట వచ్చిన రూపంతోనే నెట్టుకొస్తున్నాం.

ఉదాహరణకు, అర్ధరాత్రి డ్యూటీలో రెండు విండోలు పక్కపక్కనే తెరిచి ఉంటాయి. ఒకటి టెస్టింగ్ సర్వర్, రెండోది జనం వాడుతున్న సర్వర్. రెండూ ఒకేలా ఉంటే, ఫైళ్లు తుడిచే కమాండ్ ఎక్కడ కొడుతున్నామో చెప్పడానికి ప్రాంప్ట్‌లోని చిన్న పేరే దిక్కు. జనం వాడుతున్న సర్వర్ విండోకి ముదురు ఎరుపు నేపథ్యం పెట్టి చూడండి, ఎంటర్ మీదికి వెళ్లే వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పోల్చుకోలేనివారు కూడా ఉంటారు కాబట్టి, విండో పైన పేరు కూడా స్పష్టంగా రాయాలి.

లాగ్‌లు చదవడానికి వెడల్పాటి విండో, పొడవాటి స్క్రోల్‌బ్యాక్ కావాలి. కోడ్‌కి సున్నా, ‘ఓ’ అక్షరం విడివిడిగా కనిపించే ఫాంట్ కావాలి. వెలుతురున్న క్లాసులో ప్రొజెక్టర్ మీద చూపేటప్పుడు తెల్లటి నేపథ్యం, పెద్ద అక్షరాలు ఉంటేనే వెనక బెంచీకి అందుతుంది.

ఈ సంచిక చదివాక కనీసం ఆ ఎర్ర ప్రొఫైల్ ఒక్కటైనా పెట్టుకోండి. మీ టీమ్‌లో కొత్తగా చేరినవారికి మొదటి రోజే నేర్పండి.

– సంపాదకుడు