ఐదో కాంటూరు జోలికి పోవద్దు

కొల్లేరు అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండు కైకలూరు, ఏలూరు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. 2008లో శాసనసభ ఆ మేరకు తీర్మానమూ చేసింది. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. మూడడుగులకు దిగితే మిగిలేది 135. సగానికి పైగా పోవడం ఒక ఎత్తు, పోయేది ఏ భాగమన్నది మరో ఎత్తు. ఆ రెండు కాంటూర్ల మధ్య నేల ఎండాకాలం నెర్రెలిస్తుంది, పశువులు మేస్తాయి. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు మునుగుతుంది. ఎండినప్పుడు చూసి అది సరస్సు కాదనడం అన్యాయం. వరదకు చోటు మిగిలేది అది ఎండి ఖాళీగా ఉండబట్టే.

ఆ చోటు అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. వారాల తరబడి కురవాల్సిన వాన రెండు మూడు రోజుల్లో కుమ్మరిస్తోంది, తర్వాత చినుకుండదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరికి రావాల్సింది కొల్లేటికే. ఇక్కడి నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అది పూడిపోయింది, పోటు సమయంలో నీరు కదలదు. పెదయడ్లగాడి వంతెన ఖానాలకు గుర్రపుడెక్క అడ్డం పడితే ఎగువన నీరు నిలిచి లంక గ్రామాల దారులు మునుగుతాయి. వేసవిలో కష్టం తిరగబడుతుంది: సరస్సులో మంచినీరు తగ్గగానే ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు ఎగదన్నుతుంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరిగేదే. వానల్లో నీటిని పట్టి, నెమ్మదిగా వదులుతూ ఉప్పును వెనక్కి నెట్టగలిగేది లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ ఉన్న ఈ పల్లమే.

చేపల చెరువుల్లోనూ నీరే కదా ఉండేది అంటారు. నీరుంటుంది, వరదకు చోటుండదు. చెరువు ఏడాది పొడవునా నిండే ఉంటుంది, గట్టు వరదకన్నా ఎత్తుగా ఉంటుంది. చెరువు తవ్విన ప్రతి ఎకరా వరద నిలిచే చోటులో తరుగే. ఆ నీరు పక్క ఊరి మీద పడుతుంది. పట్టుబడి అయ్యాక మేత, ఎరువు, మందులు కలిసిన నీటిని సరస్సులోకే తోడేస్తారు. కొత్తగా మునిగిన గడ్డిలో గుడ్లు పెట్టే నాటు చేపలకూ, మోకాలి లోతు నీళ్లలో నడిచి వేటాడే ఎర్రకాళ్ల కొంగలకూ గట్ల మధ్య లోతు నీరు పనికిరాదు. ఆటపాకలో పక్షుల్ని చూసి మురిసిపోయే మనం వాటి మేత నేలను కాపాడకపోతే ఎలా?

జీవనోపాధి మాట మాత్రం తోసిపుచ్చలేనిది. 1970వ దశకంలో మత్స్యకార సొసైటీలకు చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తర్వాత అవి లీజుల మీద డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు పెద్దలతోపాటు పేదలూ నష్టపోయారు. అభయారణ్యంలో చిక్కుకున్న జిరాయితీ రైతులకు న్యాయమైన పరిహారం నేటికీ బాకీయే. ఆ బాకీ డబ్బుతో తీర్చాలి, సరస్సును కోసి కాదు. కాంటూరు తగ్గిస్తే ఆ నేల దక్కేది పొక్లెయిన్లు దించగలవారికే తప్ప వల విసిరే వడ్డి మత్స్యకారులకు కాదు. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కూడా కుదింపును సమర్థించలేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2008 నాటి తీర్మానాన్ని వెనక్కి తీసుకోవాలి. జిరాయితీ భూములకు గడువు పెట్టి పరిహారం చెల్లించాలి. ఉప్పుటేరు పూడిక, వంతెన ఖానాల్లోని గుర్రపుడెక్క తొలకరికి ముందే తీయించాలి. నాటు చేపల వేట హక్కును లంక గ్రామాల మత్స్యకారులకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఐదో కాంటూరు లోపల కొత్తగా ఒక్క గట్టు లేచినా ఆ రోజే తొలగించాలి.