సంక్రాంతి పిక్చర్లు – నా మాట

గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి రెండు బరులుంటాయండి. ఒకటి కోడిపుంజులది, రెండోది సినిమా హాళ్ళది. మొదటి బరిలో ఎవరు గెలిచిందీ సాయంత్రానికే తేలిపోతుంది. రెండోదాంట్లో కలెక్షన్ల సంగతి వారంలో తేలుతుందిగాని, ఏ పిక్చరు మనసులో నిలిచిందో తేలడానికి చాలా కాలం పడుతుంది. అందుకే 2025 సంక్రాంతి సెలవుల్లో రాజమండ్రిలో చూసిన మూడు పిక్చర్ల గురించి ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను. ఇవి నా సొంత అభిప్రాయాలు. ఒప్పుకోనివాళ్ళు కోప్పడకుండా ఉత్తరం రాయండి!

జనవరి 10న ముందుగా వచ్చింది ‘గేమ్ ఛేంజర్’. శంకర్ డైరెక్షను, రామ్ చరణ్ రెండు వేషాలు, 2021లో మొదలై మూడేళ్ళు దాటిన షూటింగు. ఇంత హడావిడిలోనూ నాకు నచ్చింది అప్పన్న ఒక్కడే. జనం కోసం ప్రాణం పెట్టే మనిషి, తీరా మైకు ముందుకొస్తే నత్తి అడ్డం పడుతుంది! ఆ ఇబ్బందిని రామ్ చరణ్ కళ్ళతో చూపించాడు. భార్య పార్వతిగా మన రాజోలు అమ్మాయి అంజలి అతనికి దీటుగా నిలబడింది. ఆ ఫ్లాష్‌బ్యాకు నడిచినంతసేపూ హాల్లో చప్పుడు లేదు. అది కాస్తా అయిపోగానే మళ్ళీ కలెక్టరుగారి ఎత్తులూ, మంత్రిగారి పైఎత్తులూ. అప్పన్ననే పిక్చరంతా నడవనిచ్చివుంటే ఎంత బావుండేది!

జనవరి 12న ‘డాకు మహారాజ్’. బాలకృష్ణ పిక్చరంటే ఈలలూ, కాగితాలూ మామూలే. కానీ అసలు కథలో మనవాళ్ళకి బాగా తగిలే పాయింటు ఒకటుంది. నీళ్ళ కోసం అల్లాడే చంబల్ ప్రాంతానికి వెళ్ళిన ఇంజనీరు ఆ జనం కోసం డాకూగా మారతాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే గదా మన డెల్టా అన్నపూర్ణ అయింది! కాటన్ దొర విగ్రహానికి దండలు వేసే ఊళ్ళు మనవి. ఇంజనీరే హీరో అంటే మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది? పంట కాలవ పక్కన పుట్టిన నాకు ఆ ఎండిన నేల సీన్లు చూస్తుంటే గొంతు తడారిపోయింది. డైరెక్టరు బాబీ ఆ దాహం మీదే నిలబడకుండా కత్తి మీదికి వెళ్ళిపోయాడు. ‘దబిడి దిబిడి’ పాటలో స్టెప్పులు మాత్రం పక్కన అక్కచెల్లెళ్ళుంటే తల దించుకోవాల్సినవే.

జనవరి 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’. మన రాజమండ్రి ప్రాంతంలో అత్తారింట్లో కాపురం పెట్టిన మాజీ పోలీసాఫీసరు వెంకటేష్, ఊడిపడిన పాత ప్రియురాలు మీనాక్షి చౌదరి, మొగుణ్ణి ఒంటరిగా పంపనన్న ఇల్లాలు ఐశ్వర్యా రాజేష్. అనిల్ రావిపూడి కథలో లాజిక్కు వెతికితే దొరకదు. ఇంటర్వెల్ తర్వాత ఆపరేషను పిల్లల ఆటలా ఉంది. అయినా ఇంటిల్లిపాదీ ఎందుకు చూశారంటే, అందులో ఇల్లుంది. భాగ్యం అనుమానం, అలక, ప్రేమ మన వీధిలో చూసేవే. రమణ గోగుల గొంతు చాలాకాలానికి విన్నాం, అదో పండగ. ఒక్కటే ఫిర్యాదు: బుల్లిరాజు తిట్లు. కుర్రాడు భేషుగ్గా చేశాడు, హాలంతా నవ్వింది. మర్నాడు మా వీధి పిల్లలు అవే తిట్లు ప్రాక్టీసు చేస్తుంటే ఎవరికీ నవ్వు రాలేదు!

తమాషా ఏమిటంటే ‘గేమ్ ఛేంజర్’, ‘సంక్రాంతికి వస్తున్నాం’ రెండూ దిల్ రాజు సంస్థ నుంచి వచ్చినవే. నాలుగు రోజుల తేడాలో, ఏళ్ళ తరబడి తీసిన భారీ చిత్రం వెనకబడింది, ఇంటి గొడవ గెలిచింది. సెట్టింగు ఎంత పెద్దదైనా, అందులో మనిషి కనిపిస్తేనే మనం కుర్చీలో కూర్చుంటాం.

ఇక చివరి మాట పిక్చర్ల గురించి కాదు, మన గురించి. ఆ జనవరి 4న రాజమండ్రి దగ్గర ‘గేమ్ ఛేంజర్’ ప్రీ రిలీజ్ వేడుక జరిగింది. అది చూసి బైకు మీద తిరిగి వెళుతున్న ఇద్దరు కుర్రాళ్ళు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. పరిహారాలు ప్రకటించారు, సంతాపాలు చెప్పారు. తప్పెవరిదన్న చర్చ నాకొద్దు. కానీ ‘సంక్రాంతికి వస్తున్నాం’ అన్న పేరు గోడల మీద చదివినప్పుడల్లా, పండగకి పిల్లలు రాని ఆ రెండిళ్ళే గుర్తొచ్చాయి నాకు.

అభిమానం వద్దని చెప్పడానికి నేనెవర్ని? నేనూ కాగితాలు ఎగరేసినవాణ్ణే. కానీ తమ్ముళ్ళూ, బెనిఫిట్ షో తప్పిపోయి మ్యాట్నీకి వెళితే క్లైమాక్సు మారిపోదు. వేడుక నుంచి ఒక గంట ఆలస్యంగా కదిలితే హీరోగారు ఏమీ అనుకోరు. మనకి పిక్చరు ఎంత బావున్నా, ఆట వదిలాక ఇంటికి చేరాలి. గుమ్మంలోనే “ఎలా ఉందిరా?” అని అమ్మ అడిగితే, అన్నం తింటూ కథంతా చెప్పాలి. ఆ కథ సగం మనం కల్పించి చెప్పినా ఫరవాలేదు!